ఒకే అక్షరాల గుంపు, ఎన్నో ఇంగ్లిష్ మాటలు: కుటుంబాలుగా నేర్చుకునే పద్ధతి

ఆహారం, విహారం, సంహారం, పరిహారం. నాలుగింటి చివరా 'హారం' ఉంది. ముందున్న ఒకటి రెండు అక్షరాలు మారగానే తిండి కాస్తా షికారైపోయింది, షికారు చంపడమైపోయింది. ఇది మనకి చిన్నప్పటి నుంచి అలవాటైన విద్యే. ఉపసర్గ (మాట ముందు చేరే ముక్క), ధాతువు (మాటకి మూలమైన ముక్క) అనే పేర్లు తెలియనివాళ్లు కూడా ఈ పోలికను పట్టుకోగలరు.

ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ తెలివి పక్కన పెట్టేసి ఒక్కో మాటా విడిగా బట్టీ పడతాం. నేనూ అలాగే చేశాను. రోజుకి పది మాటలు, పక్కన తెలుగు అర్థం. వారం తిరక్కుండానే సగం మర్చిపోయేదాన్ని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని. ఆ జాబితాల్లో ఏ మాటకీ ఇంకో మాటతో సంబంధం ఉండేది కాదు. ఒకటి జారిపోతే దాన్ని పట్టి లాగడానికి పక్కన ఇంకొకటి లేదు.

ఆ తర్వాత నాకు పనికొచ్చిన పద్ధతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఒకే అక్షరాల గుంపు ఉన్న మాటల్ని ఒక పేజీలో చేర్చి, కుటుంబంగా చదవడం. దీనికి ఒక షరతుంది, చివరిదాకా గుర్తుపెట్టుకోండి: అక్షరాలు కలిస్తే పేజీలోకి రానివ్వండి, అర్థం కూడా కలిస్తేనే కుటుంబంలో చేర్చుకోండి. కాకికీ కాకరకాయకీ మొదట్లో ఒకే అక్షరం ఉంది, చుట్టరికం మాత్రం లేదు కదా.

మొదటి అడుగు: ఒక పేజీ, ఒక గుంపు

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో రాసుకున్నా తప్పులేదు గానీ చేత్తో రాస్తే స్పెల్లింగ్ కూడా వేళ్లకి పడుతుంది. పేజీ మధ్యలో ఎస్-పి-ఇ-సి-టి అని రాసి చుట్టూ సున్నా చుట్టండి. ఇది లాటిన్ ధాతువు, అర్థం 'చూడటం'. ఇప్పుడు డిక్షనరీ తెరవకుండా, మీకు ముందే తెలిసిన మాటలు ఎన్ని వస్తాయో రాయండి. ఇన్‌స్పెక్టర్, రెస్పెక్ట్, సస్పెక్ట్ అందరికీ వస్తాయి. కాసేపు ఆలోచిస్తే ప్రాస్పెక్ట్, స్పెక్టేటర్, ఆస్పెక్ట్ కూడా తగులుతాయి.

తెలిసిన మాటలతోనే మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. కొత్త మాటని ఇంకో కొత్త మాటకి కడితే రెండూ కలిసే మునుగుతాయి. కొత్తదాన్ని పాతదానికి కడితే నిలుస్తుంది.

గుంపుల కోసం ఎక్కడ వెతకాలి? ఇంట్లో వాడే చిన్న మాటల్లో వెతకొద్దు. ఇంగ్లిష్ పునాది జర్మానిక్ భాషలది. హ్యాండ్, హౌస్, ఈట్, గో లాంటివి ఆ పునాదిలోవి, ఈ పద్ధతికి అంతగా లొంగవు. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ని జయించాక ఫ్రెంచ్ మాటలు గుంపులుగా వచ్చాయి. ఫ్రెంచ్ లాటిన్‌కి పుట్టిన భాష. తర్వాతి శతాబ్దాల్లో పండితులు నేరుగా లాటిన్, గ్రీకు నుంచే మాటలు తెచ్చుకున్నారు. అందుకే ఆఫీసు కాగితాల్లో, సైన్స్ పుస్తకాల్లో, వార్తల్లో కనిపించే పొడుగు మాటల్లోనే మనకి పంట పండుతుంది.

రెండో అడుగు: విరిచి, తెలుగులో వంతెన వేయడం

ఈ పద్ధతికి ప్రాణం ఇక్కడే ఉంది, తొందరపడొద్దు. ప్రతి మాటనీ విరిచి, ముక్కల అర్థం ఒకవైపు, ఇప్పటి అర్థం ఇంకోవైపు రాయండి. రెండింటి మధ్య ఒక్క వాక్యం వంతెనగా వేయండి. అది మీ సొంత మాటల్లో, తెలుగులో ఉండాలి.

ఇన్‌స్పెక్ట్: 'ఇన్' అంటే లోపలికి. లోపలికంటా చూడటం, అంటే తనిఖీ. ప్రాస్పెక్ట్: 'ప్రో' అంటే ముందుకు. ముందుకి చూస్తే కనిపించేది, అంటే రాబోయే అవకాశం. రెస్పెక్ట్: 'రె' అంటే వెనక్కి. ఒకరు దాటి వెళ్తే వెనక్కి తిరిగి మరీ చూశామంటే వాళ్లకి విలువ ఇచ్చినట్టే. సస్పెక్ట్: మొదట ఉన్నది 'సబ్', అంటే కింద నుంచి. తల ఎత్తకుండా కనురెప్పల కింద నుంచి చూసే చూపు ఎలాంటిదో మనకి తెలుసు.

ఎక్స్‌పెక్ట్ దగ్గర కొంచెం ఆగండి. స్పెల్లింగ్‌లో మన గుంపులోని ఎస్ కనిపించదు. 'ఎక్స్' అనే అక్షరం పలకడంలోనే ఎస్ శబ్దం ఉంది కాబట్టి రెండో ఎస్ దానిలో కలిసిపోయింది. 'ఎక్స్' అంటే బయటికి. బయటికి చూస్తూ ఉండటం ఎక్స్‌పెక్ట్. మనం ఏమంటాం? ఎదురుచూడటం. మన మాటలోనూ చూపే ఉంది! డిస్పైజ్ అనే మాటని ఇదే ధాతువు కింద చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. 'డి' అంటే కిందికి, ఎస్-పి-ఐ-ఎస్-ఇ అంటే చూడటం. కిందికి చూడటం, చిన్నచూపు చూడటం. రెండు భాషలూ అవమానాన్ని ఒకే రకంగా ఊహించుకున్నాయి. ఇలాంటి చోట తెలుగే వంతెనవుతుంది, ఆ మాట ఇక మర్చిపోవడం కష్టం.

అన్ని మాటలకీ ఇంత చక్కటి వంతెన దొరకదు. ఆస్పెక్ట్‌కి నాకు సరైనది ఇంతవరకూ కుదరలేదు, 'ఒకవైపు నుంచి చూడటం' అని సరిపెట్టుకున్నాను. దొరకని చోట బలవంతంగా కథ అల్లొద్దు.

మూడో అడుగు: గుంపు వేషం మారిస్తే గుర్తుపట్టడం

మన 'ఇల్లు' చూడండి. ఇంటికి, ఇంట్లో అన్నప్పుడు రెండు ల-కారాలూ పోయి ట-కారం వస్తుంది. కన్ను కంటికి అవుతుంది, పన్ను పంటికి అవుతుంది. ఇంగ్లిష్ ధాతువులు కూడా ఇలాగే రెండు మూడు రూపాల్లో తిరుగుతాయి. క్రియలో ఒక రూపం, నామవాచకంలో ఇంకొకటి.

డిస్క్రైబ్‌లో ఎస్-సి-ఆర్-ఐ-బి ఉంటే డిస్క్రిప్షన్‌లో ఎస్-సి-ఆర్-ఐ-పి-టి వచ్చింది. రెండూ 'రాయడం'. డాక్టర్ ప్రిస్క్రైబ్ చేస్తే చేతికొచ్చేది ప్రిస్క్రిప్షన్: మందు వాడకముందే రాసి ఇచ్చినది. మాన్యుస్క్రిప్ట్‌లో 'మాన్యు' అంటే చెయ్యి, చేత్తో రాసింది. పర్మిట్–పర్మిషన్, సబ్మిట్–సబ్మిషన్, అడ్మిట్–అడ్మిషన్: ఎమ్-ఐ-టి కాస్తా ఎమ్-ఐ-ఎస్-ఎస్ అవుతుంది, అర్థం 'పంపడం'. మిషన్, మిసైల్ కూడా ఆ ఇంటివే.

మూడు వేషాలు వేసేది రిసీవ్. రిసీవ్, రిసెప్షన్, రిసీట్. డిసీవ్, డిసెప్షన్, డిసీట్. కన్సీవ్, కాన్సెప్ట్, కన్సీట్. లాటిన్‌లో 'పట్టుకోవడం, తీసుకోవడం' అనే ధాతువు నుంచి వచ్చాయి. ఇవి మూడు వరుసలుగా, గడులు గీసి రాయండి. అలా రాస్తే రిసీట్‌లో పలకని 'పి' ఎందుకుందో కళ్ల ముందే తేలుతుంది: పక్క గడిలో రిసెప్షన్‌లో ఆ 'పి' గట్టిగా వినిపిస్తోంది. డిసీట్‌లో మాత్రం ఆ 'పి' రాయరు. ఆ గడిలో ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోండి, పరీక్షల్లో తప్పు పోయేది అక్కడే.

నాలుగో అడుగు: ముందున్న జంట అక్షరాల గుట్టు

స్పెల్లింగ్‌లో మనల్ని ఎక్కువ టెన్షన్ పెట్టేవి జంట అక్షరాలు. ఒక 'సి' నా, రెండా? 'ఎమ్' ఎన్ని? దీనికి జవాబు మన సంధుల్లో ఉంది.

ఉత్ + లాసం ఉల్లాసం అయింది. సత్ + జనుడు సజ్జనుడు అయ్యాడు. ముందున్న ముక్క చివరి హల్లు, తర్వాతి అక్షరం పోలికలోకి మారి జంటైంది. లాటిన్‌లో జరిగిందీ అదే. కాదు అనే అర్థమున్న 'ఇన్', లీగల్ ముందు చేరి ఇల్లీగల్ అయింది, రెండు 'ఎల్'. రెగ్యులర్ ముందు ఇర్రెగ్యులర్, రెండు 'ఆర్'. పాసిబుల్ ముందు పెదాలతో పలికే అక్షరం వచ్చింది కాబట్టి 'ఎన్' పోయి 'ఎమ్' వచ్చింది: ఇంపాసిబుల్. 'కలిసి' అనే అర్థమున్న 'కాన్' కలెక్ట్‌లో 'కాల్', కరెక్ట్‌లో 'కార్', కంబైన్‌లో 'కామ్'. 'కింద' అనే 'సబ్' సపోర్ట్‌లో 'సప్', సక్సీడ్‌లో 'సక్', సజెస్ట్‌లో 'సగ్'. 'వైపుకి' అనే 'ఆడ్' అయితే అట్రాక్ట్, అసిస్ట్, అఫెక్ట్, యాక్సెప్ట్, ఇన్ని చోట్ల రంగు మారుస్తుంది.

ఇక లెక్క సులువు. అకామడేట్ తీసుకోండి, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా తడబడే మాట. 'ఆడ్' + 'కామ్' + 'మోడేట్'. 'ఆడ్' లోని 'డి', 'సి' గా మారి జంటైంది, 'కామ్' చివరి 'ఎమ్', 'మోడేట్' మొదటి 'ఎమ్' పక్కపక్కన నిలబడ్డాయి. ఎ-సి-సి-ఓ-ఎమ్-ఎమ్-ఓ-డి-ఎ-టి-ఇ. రికమెండ్: 'రె' + 'కామ్' + 'మెండ్'. 'రె' తర్వాత ఒకే 'సి', ఆపైన రెండు 'ఎమ్'. డిసప్పాయింట్: 'డిస్' + అప్పాయింట్, కాబట్టి ఒకే 'ఎస్', రెండు 'పి'. డిస్సాటిస్‌ఫై: 'డిస్' + సాటిస్‌ఫై, రెండు 'ఎస్'. మిస్‌స్పెల్: 'మిస్' + స్పెల్, మళ్లీ రెండు 'ఎస్'. బట్టీ పట్టాల్సిన పని లేదు, కూడిక చేస్తే చాలు.

ఒక్క హెచ్చరిక. 'ఇన్' రెండు రకాలు: కాదు అనేది, లోపలికి అనేది. ఇన్విజిబుల్‌లో మొదటిది, ఇన్‌స్పెక్ట్‌లో రెండోది. ఇన్‌ఫ్లేమబుల్ అంటే మంట అంటుకోనిది అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. అక్కడున్న 'ఇన్' రెండో రకం, అర్థం 'మంటల్లోకి పోయేది', సులువుగా అంటుకునేది. ఈ పొరపాటుకి భయపడే 20వ శతాబ్దంలో హెచ్చరిక బోర్డుల మీద ఫ్లేమబుల్ అని రాయడం పెరిగింది. రెండు మాటలకీ అర్థం ఒక్కటే.

ఐదో అడుగు: చెవికి వినిపించని చుట్టరికం

సైన్ అనే మాటలో ఎస్-ఐ-జి-ఎన్. 'జి' పలకం. ఎందుకుంచారో తెలియక విసుగొస్తుంది. సిగ్నేచర్, సిగ్నల్ పక్కన పెట్టండి, 'జి' వినిపిస్తుంది. రిజైన్‌లో దాక్కున్న 'జి' రెజిగ్నేషన్‌లో బయటికి వస్తుంది. కండెమ్ చివరి 'ఎన్' పలకదు, కండెమ్నేషన్‌లో పలుకుతుంది. మజిల్‌లో 'సి' మౌనంగా ఉంటుంది, మస్క్యులర్‌లో నోరు విప్పుతుంది. (మజిల్‌కి మూలమైన లాటిన్ మాటకి అర్థం చిట్టెలుక. చెయ్యి మడిచినప్పుడు కండ చర్మం కింద కదలడం చూస్తే ఆ పోలిక ఎందుకు తట్టిందో తెలుస్తుంది.)

ఇంగ్లిష్ స్పెల్లింగ్ పలుకుబడిని సరిగ్గా చూపించదు గానీ చుట్టరికాన్ని చాలాసార్లు చెరిగిపోకుండా భద్రంగా ఉంచుతుంది. పలకని అక్షరం కనిపించినప్పుడల్లా, అది ఏ చుట్టం ఇంట్లో పలుకుతోందో వెతకండి.

కొన్నిచోట్ల ఆ అక్షరాన్ని కావాలనే చేర్చారు. డెట్ ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు అందులో 'బి' లేదు. లాటిన్ మీద మోజున్న పండితులు మూలంలో 'బి' ఉందని గుర్తుచేస్తూ తెచ్చి పెట్టారు. డౌట్‌కీ అదే జరిగింది. మనకి మాత్రం అది మేలే చేసింది: డెట్ పక్కన డెబిట్ రాసుకుంటే 'బి' ఇక మర్చిపోరు.

ఆరో అడుగు: దొంగ చుట్టాల్ని పట్టుకోవడం

పేజీలు నిండుతున్న కొద్దీ ఉత్సాహం పెరుగుతుంది, ప్రమాదం కూడా అప్పుడే. నేను పి-ఇ-డి అనే గుంపు 'పాదం' అని నేర్చుకున్నాను. పెడల్, పెడెస్ట్రియన్, సెంటిపీడ్ అన్నీ సరిపోయాయి. అదే ఊపులో పీడియాట్రీషియన్‌ని కూడా అందులో రాసి, కాళ్ల డాక్టర్ అని అర్థం పెట్టుకుని చాలాకాలం అలాగే నమ్మాను. అది పిల్లల డాక్టర్. ఆ 'పెడ్' గ్రీకు నుంచి వచ్చింది, పిల్లవాడు అని అర్థం. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో పి-ఎ-ఇ-డి అని రాస్తారు, ఆ తేడా కంటికే కనిపిస్తుంది. ఎన్‌సైక్లోపీడియా కూడా ఈ రెండో ఇంటిదే, అందులో ఉన్నది పిల్లలకి నేర్పే చదువు.

పి-ఓ-ఆర్-టి ఇంకా చిక్కు. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, పోర్టబుల్ 'మోయడం' అనే ధాతువువి. సపోర్ట్ అంటే కింద నుంచి మోయడం, రిపోర్ట్ అంటే కబురు మోసుకుని తిరిగి రావడం. పాస్‌పోర్ట్‌లో ఉన్నది వేరే 'పోర్ట్', ఓడరేవు. ఎయిర్‌పోర్ట్‌లోనూ రేవే. ఆపర్చునిటీ కూడా రేవుదే: రేవు వైపుకి వీచే గాలి ఓడవాళ్లకి అదృష్టం, అందులోంచి అవకాశం అనే అర్థం వచ్చింది. పోర్ట్రెయిట్‌కి ఈ రెండింటితోనూ సంబంధం లేదు, అది 'బయటికి లాగడం, గీయడం' అనే మాట నుంచి అరిగిపోయి ఆ రూపానికి వచ్చింది. ఒకే నాలుగు అక్షరాల్లో మూడు ఇళ్లు.

సి-ఐ-డి కూడా ఇంతే. పెస్టిసైడ్, హోమిసైడ్‌లో ఉన్నది నరకడం, చంపడం. డిసైడ్ కూడా వాటి చుట్టమే: కోసెయ్యడం. మనం 'తెగేసి చెప్పాడు' అంటాం చూడండి, అదీ కోతే. యాక్సిడెంట్, ఇన్సిడెంట్, కోఇన్‌సైడ్‌లో మాత్రం 'పడటం'. రెండు పరీక్షలు ఒకే రోజు పడ్డాయి అంటామే, అదే కోఇన్‌సైడ్.

పండితులే మోసపోయిన చుట్టరికం ఐలాండ్‌ది. పాత ఇంగ్లిష్‌లో ఆ మాటలో ఎస్ లేదు. లాటిన్ 'ఇన్సులా' నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చిన ఐల్‌ని చూసి, ఇదీ అదే అనుకుని ఎస్ తగిలించారు. అర్థం ఒక్కటే అయినా పుట్టుక వేరు. ఇన్సులాకి అసలైన పిల్లలు పెనిన్సులా, ఇన్సులేట్, ఐసొలేట్. పెనిన్సులా అంటే 'దాదాపు ద్వీపం'. మన ద్వీపకల్పంలోని 'కల్పం' కూడా సరిగ్గా అదే చెబుతుంది.

మరి పరీక్ష ఎలా చేయాలి? ముందు వంతెన వాక్యం రాయండి. అది సాఫీగా రాకపోతే అనుమానించండి. తర్వాత వ్యుత్పత్తి చూడండి. మెరియమ్-వెబ్‌స్టర్ డిక్షనరీ సైటులో చాలా మాటల కింద మాట చరిత్ర ఇస్తారు, ఎటిమాన్‌లైన్ సైటు పూర్తిగా దానికోసమే ఉంది. నిమిషం పని. తేలేదాకా ఆ మాటని పెన్సిల్‌తోనే రాసి ఉంచండి, ఖాయమయ్యాక పెన్నుతో దిద్దండి.

ఓ-యు-జి-హెచ్ గుంపుకి ధాతువు పేజీ తెరవొద్దు. టఫ్, కాఫ్, దో, త్రూ, థాట్, అన్నింట్లో అవే నాలుగు అక్షరాలున్నా అది ధాతువు కాదు, పాత పలుకుబడి గుర్తు. వాటిని శబ్దాన్ని బట్టి విడదీసుకోండి: రఫ్, టఫ్, ఎనఫ్ ఒకచోట, బాట్, థాట్, ఫాట్, బ్రాట్ ఇంకోచోట. అంతకుమించి వెతకక్కర్లేదు.

ఏడో అడుగు: అవే అక్షరాలు, వేరే వరుస

కొన్ని మాటల జతల్లో అక్షరాలన్నీ ఒకటే, వరుస మాత్రం తారుమారు. లిజన్, సైలెంట్ రెండూ రాసి లెక్కపెట్టి చూడండి, ఒక్క అక్షరం తేడా ఉండదు. హార్ట్–ఎర్త్, స్టడీ–డస్టీ, నైట్–థింగ్ కూడా అంతే. ఇవి సరదాకి బావుంటాయి. రాతలో ముంచేవి వేరే ఉన్నాయి.

క్వైట్ (క్యు-యు-ఐ-టి-ఇ) అంటే చాలా, క్వయెట్ (క్యు-యు-ఐ-ఇ-టి) అంటే నిశ్శబ్దం. డైరీ (డి-ఐ-ఎ-ఆర్-వై) రాసుకునేది, డెయిరీ (డి-ఎ-ఐ-ఆర్-వై) పాలది. ట్రయల్–ట్రెయిల్, ఏంజెల్–యాంగిల్, ఫామ్ (ఎఫ్-ఓ-ఆర్-ఎమ్)–ఫ్రమ్, క్యాజువల్–కాజల్ (సి-ఎ-యు-ఎస్-ఎ-ఎల్, కారణానికి సంబంధించినది), యునైటెడ్–అన్‌టైడ్. చివరి జతలో ఒకటి కలిసినది, ఇంకొకటి ముడి విప్పినది, అర్థాలు ఎదురెదురు! స్పెల్‌చెక్ వీటిలో చాలావాటిని వదిలేస్తుంది, ఎందుకంటే రెండూ సరైన మాటలే. అందుకే వీటికి నోట్‌బుక్ చివర ఒక పేజీ విడిగా పెట్టండి. తేడా ఉన్న రెండు అక్షరాల కింద మాత్రమే గీత గీయండి, మొత్తం మాట కింద వద్దు. కన్ను అక్కడే ఆగాలి. తర్వాత జతలోని రెండు మాటలూ వచ్చేలా ఒకే వాక్యం రాయండి.

రోజూ ఎంత, ఎలా

మూడు రోజులకి ఒక పేజీ చాలు. మొదటి రోజు తెలిసిన మాటలు, వంతెనలు. రెండో రోజు డిక్షనరీ చూసి రెండు మూడు కొత్త మాటలు. మూడో రోజు పేజీ మూసి, మధ్యలో ఉన్న గుంపు ఒక్కటే తెల్లకాగితం మీద రాసి, మిగతాదంతా గుర్తుతెచ్చుకుంటూ రాయండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి అలాగే. చదువుతూ పోతే వచ్చినట్టే ఉంటుంది, మూసి రాస్తేనే వచ్చిందో లేదో తెలుస్తుంది.

స్పెక్ట్, పోర్ట్, స్క్రిప్ట్, మిట్, రిసీవ్ గడులు అయ్యాక వీటిని తీసుకోండి: డి-యు-సి-టి (నడిపించడం: కండక్ట్, ప్రొడక్ట్, డిడక్ట్), జె-ఇ-సి-టి (విసరడం: ఇంజెక్ట్, రిజెక్ట్, ప్రాజెక్ట్), ఎస్-టి-ఆర్-యు-సి-టి (కట్టడం: కన్‌స్ట్రక్షన్, ఇన్‌స్ట్రక్షన్, అబ్‌స్ట్రక్షన్), వి-ఐ-ఎస్ (ఇదీ చూడటమే: విజిబుల్, విజన్, సూపర్‌వైజ్), గ్రీకు నుంచి టెలి (దూరం), గ్రాఫ్ (రాయడం, గీయడం). టెలివిజన్‌లో సగం గ్రీకు, సగం లాటిన్, కాబట్టి దాన్ని రెండు పేజీల్లోనూ రాయండి.

రెండు నెలలయ్యాక చదువుతున్న వ్యాసంలో ఎప్పుడూ చూడని మాట తగిలిందనుకుందాం: డబ్బు విషయంలో ఆవిడ ఎప్పుడూ సర్కమ్‌స్పెక్ట్‌గా ఉంటుంది. డిక్షనరీ తెరవకండి. చివర ఉన్నది మీ మొదటి పేజీ, చూడటం. ముందున్న 'సర్కమ్' ఎక్కడ విన్నారు? లెక్కల్లో సర్కమ్‌ఫరెన్స్, వృత్తం చుట్టుకొలత. అయితే 'సర్కమ్' అంటే చుట్టూ. చుట్టూ చూసుకుని అడుగేసే మనిషి, డబ్బు విషయంలో. ఆచితూచి నడిచేది. ఇప్పుడు డిక్షనరీ తీసి సరిచూసుకోండి, స్పెక్ట్ పేజీలో ఒక మూల రాయండి. సర్కమ్‌స్టాన్స్ కూడా గుర్తొస్తే, 'చుట్టూ నిలబడి ఉన్నవి' అని వంతెన వేసి, దానికో కొత్త పేజీ తిప్పండి.